గడ్డిమైదానంలో దాయాదులు

టాంజానియాలో గోరోంగోరో అనే చోటుంది. ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు అది. దాని అడుగున సుమారు 260 చదరపు కిలోమీటర్ల గడ్డినేల, ఆ నేల మీద వేల సంఖ్యలో వైల్డ్‌బీస్టులు, జీబ్రాలు. తెల్లవారుతూనే జీపుల్లో దిగే యాత్రికులకు అక్కడ తరచుగా ఒక దృశ్యం కనబడుతుంది. చచ్చిపడిన వైల్డ్‌బీస్టు చుట్టూ సింహాలు కూర్చుని తింటుంటాయి. కాస్త ఎడంగా హైనాలు మూతులు నాక్కుంటూ తచ్చాడుతుంటాయి. చూసినవాడికి కథంతా క్షణంలో అర్థమైపోతుంది. రాజుగారు వేటాడారు, ఎంగిలి కోసం బిచ్చగాళ్లు కాచుకున్నారు. ఫొటో తీసుకుని, ఆ కథనే ఇంటికి మోసుకెళ్తాడు.

1964లో హాన్స్ క్రూక్ అనే డచ్చి జంతుశాస్త్రవేత్త ఆ ప్రాంతానికి వెళ్లాడు. జంతు ప్రవర్తన శాస్త్రంలో పెద్ద పేరున్న నికో టిన్‌బెర్గన్ శిష్యుడాయన. పగటి దృశ్యంతో సరిపెట్టుకోకుండా, వెన్నెల రాత్రుల్లో బండి వేసుకుని హైనాల వెంట పడ్డాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి. అక్కడి మచ్చల హైనాలు తినేదాంట్లో ఎక్కువ భాగం అవి స్వయంగా పరిగెత్తి పట్టుకున్నదే. మైళ్ల కొద్దీ తరిమి, అలసిపోయిన జంతువును పడగొడతాయి. పంచుకోవడంలో గోల మొదలవుతుంది. ఆ గోల సింహాల చెవిన పడుతుంది. అవి వచ్చి, తరిమేసి, పీట వేసుకుంటాయి. యాత్రికుడు నిద్ర లేచి కాఫీ తాగి వచ్చేసరికి దృశ్యం సిద్ధంగా ఉంటుంది. క్రూక్ ఇదంతా 1972లో పుస్తకంగా తెచ్చాడు. అడవిలో సింహాల సంఖ్య తెలుసుకోవడానికి పరిశోధకులు ఇప్పటికీ వాడే ఉపాయాల్లో ఒకటి, హైనాల అరుపుల్ని స్పీకర్లలో వినిపించడం. సింహాలు పరిగెత్తుకొస్తాయి, విందుకు పిలుపు వచ్చిందనుకుని.

యాత్రికుడి కంటిని తప్పుపట్టలేం. అతను చూసినవన్నీ నిజాలే: సింహం తింటోంది, హైనా చూస్తోంది. అతను వచ్చిన వేళే వేరు. మనం ఇచ్చే తీర్పుల్లో చాలావాటికి ఇదే గతి. అబద్ధపు సాక్ష్యం వల్ల కన్నా ఆలస్యంగా అందిన నిజమైన సాక్ష్యం వల్లే ఎక్కువ అన్యాయాలు జరుగుతాయని నాకు అనుమానం.

అయితే ఇక్కడే ఇంకో గుంట ఉంది. క్రూక్ రాసింది చదివిన ఉత్సాహంలో కిరీటం సింహం నెత్తిమీంచి తీసి హైనాకు పెట్టేస్తాం. ఇప్పుడు హైనా కష్టజీవి, సింహం దోపిడీదారు. ఈ తిరగేత కూడా పాత కథంత సోమరిదే. బోట్స్వానాలో సావుటీ అనే చోటికి వెళితే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ జరిగిన ఒక అధ్యయనంలో, మగసింహాలు దగ్గర లేనప్పుడు ఆడసింహాలు చంపిన వేటను హైనాలు గుంపుగా వచ్చి లాగేసుకోవడం తరచుగా కనబడింది. ఒక్కో ఆడసింహానికి నాలుగు హైనాల చొప్పున చేరాయంటే పని అయిపోయినట్టే, సింహాలు లేచి పోవాల్సిందే. తమ ఆహారంలో ఇంచుమించు అయిదో వంతు అవి అలా పోగొట్టుకునేవి. ఇంతలో మగసింహం వచ్చిందా, అంత సేపు అంత ధీమాగా మీదికొచ్చిన హైనాలు చెల్లాచెదురు. కర్ర ఉన్నవాడిదే బర్రె అంటారు మనవాళ్లు. ఆ కర్ర ఒక చోట సంఖ్య, ఒక చోట బరువు. పూర్తిగా ఎదిగిన మగసింహం సుమారు 190 కిలోలు తూగుతుంది, హైనా అరవై, డెబ్భై. పడిపోయిన జంతువు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఆ నేల మీద అర్థమే లేదు. ఆ ప్రశ్నను బండిలో వేసుకొచ్చింది మనం.

మనకు మాత్రం అది లేకపోతే పూట గడవదు. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్నది తేలాలి. హైనాకు ఈ విషయంలో రూపం కూడా శత్రువే. ముందుకాళ్లు ఎత్తు, వెనక భాగం కుంగి, నడకలో ఒక రకం నక్కినట్టుండే తీరు. హెమింగ్వే అంతటి రచయిత 1935 నాటి తన ఆఫ్రికా వేట పుస్తకంలో దాన్ని వేళాకోళం చేశాడు, చావుతో సహా. దాని నవ్వు మరీ అపఖ్యాతి తెచ్చింది. నిజానికి ఆ ఇకిలింపు చాలాసార్లు, తరుముతుంటేనో, పైవాళ్లు దబాయిస్తుంటేనో, భయంతో, ఉద్వేగంతో పెట్టే అరుపు. లొంగిపోయినవాడి కేకలో మనకు దుర్మార్గుడి వికటహాసం వినబడింది. ఆడవాటి అవయవ నిర్మాణం పైకి మగవాటిలా కనబడటంతో, హైనా ఒక ఏడాది ఆడ, ఒక ఏడాది మగ అన్న పుకారు ప్రాచీన గ్రీసు నుంచీ ఉంది. అది కల్ల అని అరిస్టాటిల్ అప్పుడే చెప్పినా పుకారు ఆగలేదు. 'లయన్ కింగ్' తీసేటప్పుడు చిత్రకారులు కాలిఫోర్నియాలో, బర్క్‌లీ విశ్వవిద్యాలయం పెంచుతున్న హైనాలను చూసి బొమ్మలు గీసుకున్నారు. వీటిని కాస్త మంచిగా చూపించండని అక్కడి శాస్త్రవేత్తలు కోరారట. 1994లో సినిమా వచ్చింది. ఏం చూపించారో మనందరికీ తెలుసు. 2019 నాటి కొత్త రూపానికి తెలుగులో సింబాకు నాని గొంతు, స్కార్‌కు జగపతిబాబు గొంతు. మన పిల్లలు ఆ కథను సొంత భాషలోనే నేర్చుకున్నారు. మొదటి సినిమా వచ్చిన మరుసటి ఏడే, 1995లో, బర్క్‌లీ శాస్త్రవేత్త స్టీఫెన్ గ్లిక్‌మన్ అరిస్టాటిల్ నుంచి 'లయన్ కింగ్' దాకా హైనా పడ్డ నిందల చరిత్ర రాశాడు. అది చదివినవాళ్లు ఎందరు, సినిమా చూసినవాళ్లు ఎందరు?

ఇది పక్కన పెడదాం. నన్ను ఎక్కువగా పట్టుకున్నది వేరే ప్రశ్న. వీటి మధ్య ఉన్నది పగేనా?

డెరెక్, బెవర్లీ జూబెర్ అనే దంపతులు సావుటీలో ఏళ్ల తరబడి రాత్రుళ్లు కెమెరా పట్టుకుని కూర్చుని 1992లో ఒక చిత్రం తీశారు. సింహాలను, హైనాలను శాశ్వత శత్రువులంటుంది దాని పేరు. అందులో ఒక పెద్ద మగసింహం చీకట్లోంచి దూసుకొచ్చి హైనాల్లోని ఒక పెద్ద ఆడదాన్ని తరిమి పట్టి చంపుతుంది. తినదు. అక్కడే వదిలి వెళ్లిపోతుంది. హైనాలు కూడా, వీలు చిక్కితే, కాపలా లేని సింహం పిల్లల్ని చంపుతాయి. చాలా ప్రాంతాల్లో పెద్ద హైనాల చావుకు ప్రధాన కారణాల్లో సింహం ఒకటి. ఆకలి లేకుండా చంపడం చూసేసరికి మనకు మన మాటలు గుర్తొస్తాయి, కక్ష, ప్రతీకారం వగైరా. శాస్త్రజ్ఞుడు అంత దూరం వెళ్లడు. పోటీదారు ఒకటి తగ్గితే తన పిల్లలకు ముద్ద ఎక్కువ, అంతే అంటాడు. ఆ లెక్క సరైనదే. కానీ లెక్క సింహం తలలో ఉండదు, తరాల వెనక ఉంటుంది. ఆ క్షణంలో సింహం ఒంట్లో ఉన్నదేమిటన్నది లెక్క చెప్పదు.

జంతు ప్రవర్తన శాస్త్రవేత్త కొన్రాడ్ లోరెంజ్ దీని గురించి ఒక మాట అన్నాడు, నాకు మనసున నాటింది. ఎరను పట్టబోయే సింహం ముఖంలో కోపం కనబడదంటాడు. నిజమే, జీబ్రా మీదికి పొంచే సింహాన్ని చూడండి. గర్జన ఉండదు, కోరలు బయటపెట్టదు. ముఖమంతా ఏకాగ్రత. అదే సింహం హైనాను చూస్తే చెవులు వెనక్కి వాలతాయి, పెదవి లేస్తుంది, గొంతులో గురగుర మొదలవుతుంది. చంపడం రెండు చోట్లా ఉంది. కోపం ఒక్క చోటే ఉంది. తాను తినేదాని మీద కాదు ఆ కోపం, తనతో పాటు తినేదాని మీద.

మన ఊళ్లలో గట్టు తగాదాలు ఎరిగినవాళ్లకు ఇది విప్పి చెప్పనక్కర్లేదు. ఎక్కడో పై రాష్ట్రంలో ఉన్న రైతుతో ఎవరూ జానెడు గట్టు కోసం కోర్టుకెక్కరు. పెదనాన్న కొడుకుతో ఎక్కుతారు, మనవలదాకా వాయిదాలు తిరుగుతారు. దాయాదికి మనకూ ఉన్న తేడా ఎంత? ఇంటిపేరు ఒకటే, తాత ఒకడే, ఆశపడే చెక్కా ఒకటే. పోలిక ఎక్కువైన చోటే పోరు ముదురుతుంది. సింహాలూ హైనాలూ తినే జంతువుల జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే సగానికి పైగా కలుస్తాయి. తిరిగే నేల ఒకటే, తిరిగే వేళ ఒకటే. రెండూ గుంపుగా బతికేవే, రెండు చోట్లా కాపురానికి ఆధారం ఆడవాళ్లే. హైనాల్లో అది ఇంకాస్త గట్టిది. తల్లి హోదా పిల్లలకు వస్తుంది, బయటి నుంచి వచ్చిన మగది అందరికన్నా కింద నిలబడుతుంది. కుక్కలా కనబడే ఈ జంతువు నిజానికి వంశంలో పిల్లుల వైపుది కూడా. శాస్త్రం ప్రకారమూ జ్ఞాతులే అన్నమాట.

శత్రువు మనకు బొత్తిగా పరాయివాడని నమ్మడం మనకో సుఖం. వాడు చెడ్డవాడు, నీచుడు, వాడి నవ్వే వేరు. ఇంత దూరం నెట్టకపోతే వాడి ముఖంలో మన ముఖం కనబడే ప్రమాదం ఉంది. హైనా మీద మానవజాతి ఇన్ని పుకార్లు పుట్టించింది సింహం తరఫున వకాల్తా పుచ్చుకుని కాదేమోననిపిస్తుంది. మన ఆదిమానవులు కూడా అదే గడ్డినేలల్లో అవే కళేబరాల దగ్గర తచ్చాడినవాళ్లు. రాతిముక్కలతో ఎముకలు పగలగొట్టి మూలుగ తిన్నారు. హైనా పళ్లతో చేసే పని అదే. కళేబరం దగ్గర మన వరస ఎన్నోదో ఎవరూ ఇష్టంగా తలుచుకోరు.

ఇంకో సంగతి. ఇన్నాళ్ల పోరులో ఎవరు గెలిచారు? ఎవరూ గెలవలేదు. పిల్లి జాతుల్లో ఇలా గుంపు కట్టి బతికేది సింహం ఒక్కటే. దానికి చెప్పే కారణాల్లో చంపిన మాంసాన్ని కాపాడుకోవడం కూడా ఒకటి. నేలను నిలుపుకోవడమే ముఖ్యం అనేవాళ్లూ ఉన్నారు. ఏది ఎంత అన్నది తేలకపోయినా, గుమ్మం ముందు హైనా లేకుండా సింహం ఇప్పటి సింహంలా తయారై ఉండేదని నేననుకోను. శత్రువు చెక్కిన శిల్పం అది, కొంతవరకైనా.

సింహాన్ని పడగొట్టినవాళ్లు వేరే ఉన్నారు. 1962లో గోరోంగోరోలో అకాల వర్షాల తర్వాత నెత్తురు తాగే ఈగలు విజృంభించి, అక్కడి సింహాలను గుప్పెడుకు దించేశాయి. సుమతీ శతకంలో పామూ చీమల పద్యం చదివినవాళ్లకు ఇందులో వింత లేదు. 1994లో సెరెంగెటీ సింహాల్లో మూడో వంతు, అంటే సుమారు వెయ్యి, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి పోయాయి. చుట్టుపక్కల పల్లెల్లోని పెంపుడు కుక్కల నుంచి అది అడవికి చేరిందని పరిశోధకులు తేల్చారు. హైనాలకూ సోకింది.

ఆ తర్వాతది విషం. మన వరి రైతులకు కార్బోఫ్యూరాన్ గుళికలు కొత్త కాదు, కాండం తొలిచే పురుగు కోసం మడిలో చల్లేవి. కెన్యాలో ఆ మందునే ఆవు కళేబరాల మీద చల్లి మాంసాహార జంతువులను చంపారు. రాత్రికి రాత్రి ఆవు పోయిన పశుపాలకుడి కడుపుమంట చిన్నదేమీ కాదు. సఫారీ డబ్బు చాలాసార్లు అతని గుమ్మం దాకా రాదు. అయినా విషానికి గురి ఉండదు. ఆవును చంపిన సింహమే రావాలని లేదు, హైనా వస్తుంది, నక్క వస్తుంది, రాబందులు దిగుతాయి. 2015 డిసెంబరులో మసాయ్ మారాలో, టీవీ ద్వారా లోకమంతటికీ తెలిసిన మార్ష్ ప్రైడ్ సింహాల మీద ఇలాగే విషప్రయోగం జరిగింది. బీబీ అనే ముసలి ఆడసింహం చనిపోయిన వాటిలో ఉంది. ఆ మాంసం ముట్టిన రాబందులూ పోయాయి.

ఆఫ్రికాలో ఇప్పుడు మిగిలిన సింహాలు 25 వేల లోపేనని అంచనా. ఒకప్పుడు తిరిగిన నేలలో చాలా భాగం నుంచి అవి మాయమయ్యాయి. అలా చేసింది హైనాలు కావు. గడ్డినేలలను పొలాలుగా మార్చి, ఉచ్చులు పన్ని, విషం చల్లిన మనుషులు.