పౌరసత్వము వారసత్వమా?

తండ్రి దున్నిన పొలము బిడ్డలకు సంక్రమించుట లోకమందు సామాన్యము. తండ్రి మోసిన ఊరిబాధ్యత అట్లు తనంతట సంక్రమింపదు. బిడ్డ దానిని తిరిగి భుజమున కెత్తుకొనవలయును. పౌరసత్వము పొలమువంటి ఆస్తియా, ఊరిబాధ్యతవంటి ధర్మమా? ఈ ప్రశ్న ఇటలీదేశమున వట్టి తర్కముగా నుండక నిత్యవ్యవహారమైనది. ఆ దేశమును విడిచిపోయినవారి మనుమలును, మునిమనుమలును, తమకును ఇటలీ పౌరసత్వము కలదని దూరదేశములనుండి కోరుచుండుటయే అందులకు కారణము.

ఇటలీ 1861లో ఏకరాజ్యమయ్యెను. 1876 మొదలుకొని నూఱేండ్లలో ఇంచుమించు 2 కోట్ల 60 లక్షలమంది ఆ దేశమునుండి వలసపోయిరని లెక్కలు చెప్పుచున్నవి. వెనెటో, కలాబ్రియా, సిసిలీ మొదలగు సీమల పేదరైతులు బ్రెజిలులోని కాఫీతోటలకును, అర్జెంటీనాలోని గోధుమపొలములకును, అమెరికాలోని గనులకును, కర్మాగారములకును పోయిరి. పెక్కురు తిరిగివచ్చిరి, పెక్కురు అచ్చటనే నిలిచిపోయిరి. కన్నదేశము కూడు పెట్టలేనందున కూటికై పోయినవారేగాని, వీరు దేశముపై విరక్తిచే పోయినవారు కారు. ఇట్టివారి సంతానమును పరాయివారని త్రోసివేయుట న్యాయము కాదని 1912వ సంవత్సరపు చట్టము తలచెను. పౌరుని బిడ్డ ఎచ్చట పుట్టినను పౌరుడే. పుట్టిన దేశము తన పౌరసత్వము నిచ్చినను ఇటలీ పౌరసత్వము నిలుచును. నడుమనున్నవారు దానిని పోగొట్టుకొననంతవఱకు తరములకు ఎల్ల లేదు.

ఈ ఔదార్యము పురుషులకే పరిమితమైనది. తండ్రి యెవరో తెలియకపోవుట వంటి కొలది సందర్భములందు తప్ప, తల్లి పౌరసత్వము బిడ్డకు సంక్రమింపదయ్యెను. పరదేశీయుని పెండ్లాడిన స్త్రీ, భర్త దేశము తన పౌరసత్వము నిచ్చినయెడల, పుట్టినదేశపు పౌరసత్వమును కోల్పోయెడిది. ఆడపిల్ల ఆడపిల్లయేకాని యీడపిల్ల కాదని మనవారి సామెత. మనకు సామెతయైన మాట అచ్చట శాసనమైనది.

1948 జనవరి 1న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము స్త్రీపురుషులు సమానులని ప్రకటించెను. అయినను వివాహముచే స్త్రీ పౌరసత్వము పోవుట చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానము చెప్పుటకు 1975 వఱకు, తల్లివలనను పౌరసత్వము సంక్రమించునని చెప్పుటకు 1983 వఱకు కాలము పట్టెను. ఆ తీర్పుల ఫలము 1948కి వెనుకకు పోదని అధికారులు నిశ్చయించిరి. కావున పౌరసత్వము పోగొట్టుకొనని ఒకే తల్లికి 1947లో పుట్టిన అక్క పరదేశి, 1949లో పుట్టిన తమ్ముడు పౌరుడు! 2009లో ఉన్నత న్యాయస్థానమైన కస్సేషన్ కోర్టు ఆ పాత అన్యాయమునకును పరిహారము కలదనెను. కాని తండ్రి వంశము చెప్పుకొనువారికి కాన్సలు కచేరిలో దరఖాస్తు చాలియుండగా, 1948కి ముందటి తల్లి వంశము చెప్పుకొనువారు వ్యాజ్యము వేయవలసివచ్చెను. ఇట్టి వింత మనమెఱుగనిది కాదు. ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండి ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమానభాగ మిచ్చిన చట్టసవరణ, అంతకుముందే వివాహమైన కుమార్తెను విడిచిపెట్టెను. 2005 నాటి కేంద్రచట్ట సవరణతోగాని ఆ భేదము తొలగలేదు. న్యాయమునకు తేదీ కట్టినచో, ఆ తేదీకి ముందటి అన్యాయమును కాపాడినట్లే యగును.

పౌరసత్వము ఆస్తియనుకొన్నచో, ఇటలీ కుమార్తెల భాగమును చిరకాలము ఎగవేసినది. ధర్మమనుకొన్నచో, దానిని మోయుచున్నవారిని వాకిట నిలిపినది. పరదేశీయులకు ఇటలీలో పుట్టిన బిడ్డ పదునెనిమిదేండ్లు ఎడతెగక అచ్చట వసించి, ఆపై ఏడాదిలోపల కోరుకొనినగాని పౌరుడు కాడు. ఐరోపా కూటమికి వెలుపలినుండి వచ్చిన శ్రామికుడు పదేండ్లు వసింపవలయును. పో నదీలోయలోని పశువులశాలలలో తెల్లవాఱుజామున పాలు పితుకు పంజాబీలకును ఇదియే నియమము. ఈ పదేండ్లను అయిదేండ్లు చేయుటకై 2025 జూనులో జరిగిన ప్రజాభిప్రాయసేకరణ, సగముమందియైనను వోటు వేయనందున వీగిపోయెను. విదేశములందలి పౌరులకో, పార్లమెంటులో ఎనమండుగురు డిప్యూటీలను, నలుగురు సెనేటర్లను ఎన్నుకొను హక్కు కలదు. శాసనమునకు లోబడి బ్రతుకువానికి వోటులేదు; ఆ శాసనము తన గడప తొక్కనివానికి వోటు కలదు. వివాహమువలన పౌరసత్వము కోరువారు ఇటలీలో రెండేండ్లు వసించియో, విదేశములందైనచో వివాహమై మూడేండ్లు గడచియో యుండవలెను. 2018 నుండి వారికి భాషాజ్ఞానమును చూపవలెనను విధియు కలదు. రక్తముచే వచ్చువారిని ఆ భాష యెవరును అడుగరు.

తరములకు ఎల్ల యుండవలెనని ప్రభుత్వము 2025 మార్చిలో శాసనము చేయగా, మే మాసమున పార్లమెంటు దానిని స్థిరపఱచెను. వేఱొక పౌరసత్వముతో విదేశమున పుట్టినవారికి, ఇటలీ పౌరసత్వము మాత్రమే కలిగిన, లేక మరణకాలమున అది మాత్రమే కలిగియుండిన తల్లిదండ్రులుగాని, తాతయవ్వలుగాని ఉండవలెను. కానిచో, బిడ్డ పుట్టుటకు ముందు తల్లియో తండ్రియో పౌరులై ఇటలీలో రెండేండ్లు ఎడతెగక వసించియుండవలెను. ఈ రెండవ నియమమున సత్యము కొంత కలదు. అది రక్తమును గాక బ్రతుకును కొలుచుచున్నది. మొదటిది పాతత్రాటినే కుఱుచచేసినది. అంతేకాదు, మార్చి 27లోపల కోరినవారికే పాతచట్టము వర్తించుటచేత, ముత్తవ్వకు జరిగిన అన్యాయమునకు పరిహార మడుగవలసినవారు పెక్కురు అడుగకముందే తలుపు మూతపడెను.

అట్లయిన పూర్వుల బంధమునకు విలువ లేదా యని పాఠకులు అడుగవచ్చును. తప్పక కలదు. మునిమనుమడు ఐరోపాలో పని వెదకికొనుటకే ఆ పత్రములు కోరినను మేము అతనిని నిందింపము. అతని ముత్తాతయు కూటికే ఓడ యెక్కెను. కాని వంశము పిలుపుగా నుండవలెనేగాని పట్టాగా నుండరాదని మా యభిప్రాయము. ఆ పిలుపందుకొని వచ్చి, భాష నేర్చి, కొంతకాలము వసించి, అందఱితోపాటు ఆ నేల భారమును పంచుకొనువారికి, తల్లివైపు తండ్రివైపు అను భేదము లేక, కాలయాపన లేక పౌరసత్వము నీయవలయును. అదే కొలతతో ఆ నేలపై పుట్టి, అచ్చటి బడిలో చదువుకొను పరదేశీయుల బిడ్డను కొలిచినచో, వాడు పదునెనిమిదేండ్లు వేచియుండవలసిన పని యేమి? ఈ ప్రశ్నకు ఉత్తరము చెప్పునంతవఱకు ఇటలీ తన సంస్కరణమును సగమే చేసినట్లని మేము తలంతుము.