దిగివచ్చిన మార్గదర్శి

ధ్యానభాగము: ఫిలిప్పీ 2:5–11

ఆఫ్రికా ఖండమున టాంజానియా దేశములో కిలిమంజారో అను పర్వతము కలదు. దాని ఎత్తు 5,895 మీటర్లు. క్రిస్మసు సెలవులలో అనేక దేశములవారు దాని నెక్కుటకు వత్తురు. అయితే మార్గదర్శి లేకుండ ఎవరును ఎక్కరాదని అక్కడి నియమము.

మార్గదర్శి మాటిమాటికి పలుకు మాట “పోలె, పోలె.” స్వాహిలీ భాషలో “మెల్లగా, మెల్లగా” అని దాని అర్థము. శిఖరమున గాలిలో దొరకు ప్రాణవాయువు సముద్రతీరమున దొరకుదానిలో సుమారు సగమే. తొందరపడువానికి తలనొప్పి, వాంతులు పుట్టును. ముదిరినచో ఊపిరితిత్తులలోను మెదడులోను నీరు చేరి ప్రాణము పోవచ్చును. బలముగల యువకులనైనను ఈ జబ్బు విడువదు. దీనికి నిశ్చయమైన చికిత్స వెంటనే క్రిందికి దిగుటయే. శిఖరము కనబడుచున్నను, మార్గదర్శి దిగుమన్నప్పుడు దిగువాడు బ్రదుకును. అట్టివానిని ఒంటరిగా పంపరు. మార్గదర్శులలో ఒకడు శిఖరమును విడిచి అతనితోకూడ దిగును.

క్రిస్మసు సందేశ మిదియే కాదా? మహోన్నత స్థలములలోనున్న దేవుని కుమారుడు బేత్లెహేములోని పశువులతొట్టి వరకు దిగెను. మన త్రోవను నడిచెను, మన భారమును మోసెను.

మనమో, ఎక్కుటయే ఎరుగుదుము. ఉద్యోగములోను సంఘములోను పై స్థానములకై ఊపిరాడకున్నను పరుగెత్తుచున్నాము. ఇంట పలుకరింపు లేదు. సహోదరునితో సమాధానము లేదు. ఈ పండుగ దినములలో “దిగుము” అను ప్రభువు స్వరము మనకు వినబడుచున్నదా? ముందుగా క్షమాపణ అడుగుటకు దిగుదము. వెనుక అలసి నిలిచిన ఒక్కనికొరకు దిగుదము. మనకు ముందుగా దిగినవాడు అక్కడ మన చేయి పట్టుకొనును. ఆమేన్.