అవసరమూ గిరాకీ

ఉపాధ్యాయుడు అమ్మకం నేర్చుకోవచ్చునా? నేర్చుకొంటే అందులో తప్పేమిటి? ఈ ప్రశ్నలు నాకు నీతిశాస్త్ర గ్రంథాలలో ఎదురైనవి కావు, ఉద్యోగంలో ఎదురైనవి. కనుక ముందు ఆ సంగతి చెప్పి తరువాత చర్చలోకి వస్తాను.

నేను చంద్రగిరికి దగ్గరలో ఒక ప్రయివేటు డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. ఇటువంటి కళాశాలల్లో పనిచేసేవారికి వేసవి సెలవులు పేరుకే ఉంటాయని చాలామందికి తెలుసు. ఇంటర్మీడియట్ పరీక్షలు ముగిసీ ముగియకముందే అధ్యాపకులను ఊళ్ళ మీదికి పంపుతారు. తలకు ఇంతమంది విద్యార్థులను చేర్పించాలని లెక్క ఉంటుంది. లెక్క తగ్గితే జీతం కోస్తామని ఎవరూ నోటితో చెప్పరు. జూన్ జీతం ఆగస్టులో వస్తుంది, అంతే. 2025 ఆరంభంలో మా యాజమాన్యం ఈ తిరుగుడుకు కొంత శాస్త్రీయత కల్పించదలచింది. మార్కెటింగ్ ప్రాథమిక సూత్రాలు చెప్పే ఒక ఆన్‌లైన్ కోర్సులో మా అందరినీ చేర్పించింది. 2017లో కేంద్ర ప్రభుత్వం స్వయం వేదికను ప్రారంభించిన తరువాత ఇటువంటి చదువులు ఇంటికే రావటం మామూలయింది గనక, కాదనటానికి మాకు సాకు కూడా దొరకలేదు. మొత్తం పన్నెండు వారాలు. పగలు గురజాడనూ జాషువానూ చెప్పుకొని, రాత్రి సెల్‌ఫోనులో సరుకులు అమ్మే పద్ధతులు వినేవాణ్ణి.

నిజం ఒప్పుకోవాలి. ఆ కోర్సును నేను ఈసడింపుతో మొదలుపెట్టాను. తెలుగు ఎం.ఏ. చదివినవాడికి, అందులోనూ అభ్యుదయ సాహిత్యం ఇష్టపడి చదివినవాడికి, వ్యాపారవిద్య అంటే చిన్నచూపు అలవాటుగా వస్తుంది. మూడు వారాలు గడిచేసరికి ఆ చిన్నచూపు నిలవలేదు. హార్వర్డ్‌లో బోధించిన థియొడోర్ లెవిట్ 1960లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం ఉంది. అమ్మకం వేరు, మార్కెటింగ్ వేరు అంటాడాయన. అమ్మకానికి అమ్మేవాడి అవసరమే కేంద్రం. ఉన్న సరుకును డబ్బుగా మార్చుకోవటమే దాని ధ్యాస. మార్కెటింగ్ కొనేవాడి అవసరం నుంచి బయలుదేరుతుంది. అమెరికా రైలు కంపెనీలు చితికిపోయింది ప్రయాణాల అవసరం తగ్గి కాదట. తాము రైళ్ళు నడిపేవాళ్ళమనుకొన్నారే గాని, మనుషులనూ సరుకులనూ చేరవేసేవాళ్ళమనుకోలేదట. ఇందులో సత్యం లేదని ఎవరనగలరు? ఎదుట కూర్చున్న విద్యార్థికి ఏం కావాలో చూడకుండా పాత నోట్సు చదివి వినిపించే అధ్యాపకుడికి ఈ మాట గట్టిగా తగులుతుంది. నాకు తగిలింది.

అదే 1960లో జెరోమ్ మెకార్తీ అనే మరొక అమెరికన్ తన పాఠ్యగ్రంథంలో మార్కెటింగును నాలుగు అంశాలుగా విడగొట్టాడు: సరుకు, ధర, చోటు, ప్రచారం. ఇంగ్లీషులో నాలుగూ ‘పి’ అక్షరంతోనే మొదలవుతాయి గనక ఈ సూత్రం విద్యార్థుల నోట నిలిచిపోయింది. నేను దీన్ని మా ప్రాంతపు తోతాపురి మామిడి రైతుకు అన్వయించి చూశాను. చిత్తూరు ప్రాంతంలో తోతాపురి పంట ప్రధానంగా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. సరుకు రైతుదే. ధర మాత్రం ఫ్యాక్టరీ చెప్పాలి. చోటు ఫ్యాక్టరీ గేటు. కాయ ముదిరి రాలుతుంటే ఆ గేటు ముందు ట్రాక్టర్లు వరుస కట్టి నిలబడతాయి. ప్రచారం, గుజ్జును సీసాల్లో నింపి అమ్మే పెద్ద కంపెనీలది. 2025లో కాపు బాగా కాసింది. ముందటి ఏటి గుజ్జు ఇంకా నిల్వ ఉంది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, వెరసి 12 రూపాయలు ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ 8 రూపాయలైనా అందటం లేదని రైతులు మొత్తుకొన్నారు. కొందరు కాయలను రోడ్డు మీద పారబోశారు. నాలుగింటిలో మూడు పరుల చేతిలో ఉన్నవాడు మార్కెట్టులో స్వతంత్రుడు ఎలా అవుతాడు?

ఈ సంగతిని విడమరచి చూపే సాధనం నాకు ఆ పాఠంలోనే దొరికిందని గమనించాలి. మార్కెట్టును ఈసడించటం వేరు, అర్థం చేసుకోవటం వేరు. మార్క్స్ 1867లో వెలువరించిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటం సరుకు విశ్లేషణతోనే ప్రారంభమవుతుంది. సంత మైల అని ఆమడ దూరాన నిలబడటం అభ్యుదయం కాదు. అది పాత అగ్రహారపు అలవాటు. కనుక ‘ఉపాధ్యాయుడు మార్కెటింగ్ నేర్చుకోవచ్చునా’ అన్న ప్రశ్నకు నా జవాబు: తప్పక నేర్చుకోవచ్చు. రైతుబిడ్డలకు పాఠం చెప్పేవాడైతే నేర్చుకోవాలి కూడా.

చిక్కు నేర్చుకోవటంలో లేదు. మరొక పాఠం దగ్గర అది నాకు మొదట కనిపించింది. ఈ శాస్త్రం అవసరం, కోరిక, గిరాకీ అని మూడు మాటలను వేరుచేస్తుంది. ఆకలి అవసరం. ఆకలిగొన్నవాడికి దోసె మీదికి మనసు పోవటం కోరిక. దోసెకు డబ్బిచ్చుకోగల స్తోమత తోడైనప్పుడు ఆ కోరిక గిరాకీ అవుతుంది. ఇది చక్కని విభజన. ఈనాడు ప్రపంచమంతటా చదివే ఫిలిప్ కోట్లర్ గ్రంథాలలోనూ ఇదే ఉంది. కాని మార్కెటింగ్ అవసరం నుంచి బయలుదేరుతుందని మొదట చెప్పారు గదా, మరి చేరేది ఎక్కడికి? గిరాకీ దగ్గరికి. గిరాకీగా మారలేని అవసరం దారిలోనే రాలిపోతుంది. అమ్మేవాడి దగ్గర లేని సరుకును కోరే అవసరం కూడా అంతే. దీన్ని ఆ శాస్త్రపు దోషమనే కన్న దాని హద్దు అనటం న్యాయం. ఆ హద్దుకు అవతల ఏముంటుందో నాకు ఒక ఇంట్లో తెలిసివచ్చింది.

ఆ వేసవి చివర మండలంలోనే ఒక పల్లెకు వెళ్ళాను. రెండెకరాల తోతాపురి తోట ఉన్న రైతు. ఆయన కూతురు ఇంటర్మీడియట్ మంచి మార్కులతో పాసయింది. గడప తొక్కకముందే నాకు చాలా సంగతులు తెలుసు: కాయల డబ్బు ఇంకా చేతికి రాలేదని, తల్లికి పిల్లను దూరం పంపాలంటే భయమని, ఫీజు ప్రభుత్వం చూసుకొంటుందంటే ఇద్దరికీ ప్రాణం కుదుటపడుతుందని. కొనేవాడిని కలవకముందే అతన్ని తెలుసుకొని ఉండాలన్నది నేను నేర్చిన విద్య. ఊరి దాకా మా బస్సు వస్తుందన్నాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందన్నాను. కంప్యూటర్ ల్యాబు కొత్తదన్నాను. మూడూ నిజాలే.

ఆ పిల్ల మాత్రం, ‘సార్, నాకు చరిత్ర చదవాలని ఉంది’ అన్నది. మా కళాశాలలో చరిత్ర లేదు. 2023-24 నుంచి రాష్ట్రంలో డిగ్రీకి ఒకే మేజరు సబ్జెక్టు పద్ధతి వచ్చింది. చేరేవారు తక్కువని మావంటి కళాశాలలో చరిత్రకు చోటు లేకుండా పోయింది. తిరుపతిలో ఆమె చరిత్ర చదువుకోగల కళాశాలలు ఉన్నాయి. ఆమె మార్కులకు అక్కడ ప్రయత్నించవచ్చు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో తండ్రి అన్నాడు: ‘మాకేం తెలుస్తాది సార్? మీరు చదువు చెప్పేవాళ్ళు. యాడ చేర్చమంటే ఆడ చేరుస్తా.’

నేను, ‘బి.కాం. కంప్యూటర్స్‌కు మంచి భవిష్యత్తు ఉందన్నా’ అన్నాను. తరువాత వెబ్ ఆప్షన్లు పెట్టే రోజు వచ్చినప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. మొదటి ఆప్షను మా కళాశాల. రెండవది లేదు.

ఇందులో అబద్ధం ఎక్కడున్నది? ఎంత వెదికినా కనపడదు. బస్సు వస్తున్నది. ల్యాబు కొత్తదే. కనుక, మార్కెటింగ్ అంటే అబద్ధాలాడటం అని మనవాళ్ళు సాధారణంగా చేసే విమర్శ అసలు గురికి తగలదు. నిజాలను ఏరుకొని, వినేవాడికి ఏది నచ్చుతుందో దాన్ని మాత్రమే ముందుంచి, తనకు నష్టం తెచ్చే నిజాన్ని ఊరకే వదిలివేస్తే చాలు. ఆ తండ్రి నమ్మింది ఉపాధ్యాయుణ్ణి. జవాబిచ్చింది అమ్మకందారు. ఒకడికి దక్కిన నమ్మకాన్ని మరొకడు వాడుకొన్నాడు. తప్పు అక్కడ ఉన్నది.

మన సాహిత్యంలో ఈ విద్యలో ఆరితేరినవాడు గిరీశం. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ ఆడపిల్లల అమ్మకాన్ని ఎండగట్టిన నాటకమని మనం తరగతుల్లో చెబుతాం. అందులో చదువు అమ్మకం కూడా ఉందని చెప్పటం మరచిపోతాం. గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే గురువుగా అగ్రహారం చేరతాడు. వెంకమ్మకు కొడుకు ఇంగ్లీషు వినాలన్న ముచ్చట. ఆ ముచ్చట తీరుస్తాడు. అగ్నిహోత్రావధానులకు వ్యాజ్యాల తగులాటం. అక్కడ తన ఇంగ్లీషు అక్కరకు వస్తుందనిపిస్తాడు. బుచ్చమ్మకు వితంతువుల పునర్వివాహం మాట. ఏ మనిషికి ఏ అవసరమో ఇంత చక్కగా కనిపెట్టినవాడు ఆ నాటకంలో మరొకడు లేడు. ఆ కనిపెట్టటం అంతా ఎవరికోసం అన్నదే ప్రశ్న. అతని దగ్గర వెంకటేశం ఏం నేర్చాడో మనకు తెలుసు. గిరీశాన్ని చూసి నవ్వే తరగతిలో నేను అధ్యాపకుణ్ణి. ఆ పల్లెలో నేను ఎవరిని?

‘ఎవరూ బలవంతం చేయలేదు గదా, వాళ్ళు ఇష్టపడే చేరారు గదా’ అని ఒక మిత్రుడన్నాడు. ఉభయులూ ఇష్టపడి చేసుకొనే మారకంలో ఉభయులకూ మేలే అన్నది ఈ శాస్త్రానికి పునాది. చంద్రగిరివాళ్ళకు ఈ మాట మీద కొంత సందేహం ఉండటం సహజం. 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే మద్రాసులో కోట కట్టుకొనే అనుమతి పొందింది చంద్రగిరి రాజుకు లోబడిన దామెర్ల వెంకటాద్రి నాయకుని నుంచి. అదీ ఇష్టపడి చేసుకొన్న ఒప్పందమే. ఇచ్చినవాడికి వర్తకం పెరుగుతుందన్న ఆశ ఉంది. పుచ్చుకొన్నవాడికి తనకేం కావాలో తెలుసు. ఒకడికి తెలిసినది మరొకడికి తెలియనప్పుడు, ఇష్టం ఒక్కటే న్యాయానికి రుజువు కాదు.

విద్యాలయంలోకి ఈ పద్ధతి ఎలా వచ్చిందో కూడా చూడాలి. 1969లో కోట్లర్, సిడ్నీ లెవీ కలిసి రాసిన వ్యాసంలో, మార్కెటింగ్ సబ్బులకూ ఉక్కుకూ పరిమితం కాదనీ, విశ్వవిద్యాలయాలూ ధార్మిక సంస్థలూ కూడా చేస్తున్న పనేననీ వాదించారు. దీనికి మన రాష్ట్రంలో భౌతిక పునాది వేరే ఏర్పడింది. ప్రయివేటు కళాశాలలు పెరిగిన కొద్దీ, ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చిన తరువాత, విద్యార్థి తలకు ఇంత అని ప్రభుత్వ సొమ్ము లెక్కకట్టటం కుదిరింది. పేదవాడి చదువుకోసం పుట్టిన పథకం అది. ఎందరో బిడ్డలు దానివల్లనే చదివారు. కాని అదే పథకం పేదవాడి అవసరాన్ని గిరాకీగా కూడా మార్చింది. అంతకుముందు అతని గడప తొక్కనివారు ఇప్పుడు పోటీపడి తొక్కుతున్నారు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ‘నీవూ తరగతిలో విద్యార్థుల మనసు మారుస్తావు. అభ్యుదయ రచయితలూ ప్రచారం చేస్తారు. అదంతా మార్కెటింగ్ కాదా?’ అని. దీన్ని దాటవేయకూడదు. మనసు మార్చే ప్రయత్నం రెండిటిలోనూ ఉంది. భేదం మరొకచోట ఉంది. బోధించేవాడు తన పక్షమేదో ముందే చెబుతాడు. తనను కాదనగల శక్తిని కూడా ఎదుటివాడికి ఇస్తాడు. చరిత్ర చెప్పినవాడు విద్యార్థి తననే నిలదీసే రోజుకోసం చెబుతాడు. అమ్మేవాడు ప్రశ్న ఎక్కడ ఆగితే సంతకం పడుతుందో అక్కడ ఆపుతాడు. ఒక పరీక్ష పెట్టుకోవచ్చు: ‘మీరు మా దగ్గర చేరకపోవటమే మంచిది’ అని చెప్పవలసి వచ్చినప్పుడు చెప్పగలమా? చెప్పగలిగితే మనం చేసేది బోధ. చెప్పలేకపోతే, ఎంత ఉదాత్తమైన విషయం చెబుతున్నా, అది అమ్మకమే. ఈ పరీక్ష మన సభలకూ పత్రికలకూ కూడా వర్తిస్తుంది.

రెండవ ఆక్షేపణ పొట్టకూటిది. నిజమే, జీతం ఆపగలవాడి కింద పనిచేసే మనిషికి ఒంటరిగా నీతిమంతుడు కమ్మని చెప్పటం తేలిక. కాని ఈ మాటను నేనే నా తప్పుకు గొడుగుగా పట్టుకొంటే, రేపు దానికింద నిలబడనివారు ఉండరు.

ఆ పిల్ల ఇప్పుడు మా కళాశాలలో బి.కాం. చదువుతున్నది. నా తెలుగు తరగతిలో కూర్చుంటుంది. ఒకనాడు జరిగినదంతా ఆమెకు చెప్పాను. ‘అప్పుడే చెప్పుంటే బాగుండేది గదా సార్’ అన్నది. కోపం లేదు ఆ మాటలో. దానికి నా దగ్గర సమాధానమూ లేదు.

కనుక రెండు పనులు నిశ్చయించుకొన్నాను. మళ్ళీ ఏ ఇంటికి పంపినా, పిల్లలు ఏం చదవాలనుకొంటున్నారో మొదట అడిగి, అది ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్పిన తరువాతనే మా కళాశాల పేరు ఎత్తుతాను. రెండవది, విద్యార్థులను పోగుచేసే పనిని అధ్యాపకుని జీతం నుంచి విడదీయాలని తోటి అధ్యాపకులతో కలిసి అడుగుతాను. మొదటిది నా ఒక్కడి చేతిలో ఉన్నది. రెండవది అందరం కూడితే గాని కాదు. మొదటిది చేయనివాడికి రెండవది అడిగే అర్హత లేదు. రెండవది సాధించకపోతే మొదటిది ఎంతోకాలం నిలవదు.