కర్మఫలం, కూలి: గిగ్ పనివారి విషయంలో నిష్కామ కర్మ

గిగ్ పనిలో ఏ పనికి ఆ పనికే డబ్బు. పని దొరకని రోజు రాబడి లేదు. నెల జీతం, సెలవు, పీఎఫ్ ఉండవు. ఫలాపేక్ష లేకుండా పని చేయమనే కర్మయోగం ఇలా బతికే మనిషికి ఎలా వర్తిస్తుందన్నది ధర్మవిచారంలో ముఖ్యమైన ప్రశ్న. ఆ ఉపదేశాన్ని తప్పుగా అన్వయిస్తే కూలి తగ్గించేవారికి అదే సాకవుతుంది.

ఈ పద్ధతి ఫోన్ యాప్‌లతో పుట్టలేదు. శ్రీకాకుళం జిల్లా పలాస జీడి పరిశ్రమలో పప్పు పొట్టు తీసే ఆడవాళ్లకు కేజీ లెక్కన కూలి ఇవ్వడం ఎప్పటినుంచో ఉంది. ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతం నుంచి వలసలూ పాతవే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను కూల్చి అక్కడి బతుకుతెరువును ఇంకా దెబ్బతీసింది. నగరాలకు చేరినవారికి దొరికే పనుల్లో ఇప్పుడు డెలివరీ, క్యాబ్ కూడా ఉన్నాయి. దేశంలో 2020-21లో 77 లక్షల మంది గిగ్ పనివారు ఉన్నారనీ, 2029-30కి వారు 2.35 కోట్లకు చేరతారనీ నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది.

ఉద్దానంలోని మందస, వాసుదేవ పెరుమాళ్ ఆలయం ఉన్న ఊరు. శ్రీవైష్ణవ విద్యకు పేరు పొందింది. శ్రీవైష్ణవ యతి పెద్ద జీయర్ స్వామి, బ్రహ్మసూత్రాలకు రామానుజుల వ్యాఖ్య అయిన శ్రీభాష్యాన్ని చదివింది ఇక్కడి పండితులు మందస రామానుజాచార్యుల దగ్గరే. ఆ సంప్రదాయం పై ప్రశ్నకు స్పష్టమైన దారి చూపుతుంది. గీతాభాష్యంలో విశిష్టాద్వైత ఆచార్యులు రామానుజులు త్యాగాన్ని మూడు విధాలుగా చెప్పారు: ఫలం నాది కాదనుకోవడం, కర్మ నాది కాదనుకోవడం, కర్తృత్వం ఈశ్వరుడిదని తలచడం. ఇక్కడ వదలవలసిన ఫలం స్వర్గాదులు. తిండి మానుకోమని దీని అర్థం కాదు. పని లేకుండా శరీరయాత్ర సాగదని గీత మూడో అధ్యాయం చెబుతుంది. న్యాయంగా సంపాదించిన ధనంతో యజ్ఞాదులు చేసి, మిగిలినదానితో శరీరాన్ని నిలుపుకోవాలని రామానుజుల వ్యాఖ్య. కాబట్టి కూలి అడగడం ఫలాసక్తి కాదు, ధర్మానికి లోబడిన జీవనాధారం.

అదే అధ్యాయంలో, దేవతలిచ్చినది వారికి తిరిగి అర్పించకుండా అనుభవించేవాణ్ని గీత దొంగ అంటుంది. పరుల కోసం ఏర్పడిన వస్తువును తనదనుకుని దానితో తన్ను పోషించుకోవడమే దొంగతనమని రామానుజులు నిర్వచించారు. ఫలత్యాగం కర్త తన మనసులో తాను చేసుకునే సాధన. ఒకరి త్యాగం ఇంకొకరికి హక్కు కాదు. పనివాడు ఆసక్తి వదిలినంత మాత్రాన అతని కూలి యజమానిది కాదు. దాన్ని ఉంచుకోవడం ఈ నిర్వచనం ప్రకారం దొంగతనమే.

రెండో చిక్కు కర్తృత్వానిది. యాప్ రేటు నిర్ణయిస్తుంది, రేటింగ్ వేయిస్తుంది, ఐడీ బ్లాక్ చేస్తుంది. పనివాణ్ని మాత్రం స్వతంత్ర భాగస్వామి అంటుంది. జీవుడు నిజంగా కర్తేననీ, ఆ కర్తృత్వం పరమాత్మకు అధీనమనీ బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం నిరూపిస్తుంది. ఆ పరమాత్మ కూడా జీవుడి ప్రయత్నాన్ని చూశాకే అనుమతి ఇస్తాడు. శ్రీభాష్యం ప్రకారం చేతనుడు నియమించి, ధరించి, తన ప్రయోజనానికి ఉంచుకునేది శరీరం. అందులో నియమించడంతోపాటు ధరించడం, అంటే నిలబెట్టి పోషించడం, విడదీయకుండా ఉంది. జీవులందరూ ఈశ్వరుడికే శేషభూతులు, అంటే ఆయన ప్రయోజనానికే ఉన్నవారు, గనుక ఏ సంస్థా మనిషిని తన పనిముట్టుగా భావించే అర్హత పొందదు. అయినా నియమించే అధికారం తీసుకున్నచోట పోషణ బాధ్యతను వదిలేయడం అధర్మం. ప్రమాదం, జబ్బు, ముసలితనం పనివాడి ఒక్కడి లెక్కలోనే పడకూడదు.

ఈ బాధ్యతను చట్టాలూ గుర్తించాయి. వేతనం ఎగ్గొట్టిన యజమానికి కౌటిల్యుడి అర్థశాస్త్రం జరిమానా విధించింది. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ గిగ్ పనివారిని చట్టంలో గుర్తించి, అగ్రిగేటర్లు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వారి భద్రతకు ఇవ్వాలంది. ఆ మొత్తం పనివారికి చెల్లించేదానిలో 5 శాతం దాటకూడదు. 2025 నవంబరు 21న ఈ కోడ్ అమల్లోకి వచ్చింది. ధర్మం అడిగే పోషణలో ఇది మొదటి మెట్టు.

పనివాడికి నిష్కామ కర్మ ఇచ్చేది రేటింగ్ పెరిగినా తరిగినా చెదరని మనస్సు, చేతిలోని పని పట్ల శ్రద్ధ. పని చేయించుకునేవాడికి అదే శాస్త్రం చెప్పేది వేరు: ఇతరుల శ్రమకు చెందినది వారికి చెల్లించు, నీ అదుపులో ఉన్నవారిని నిలబెట్టు. మొదటి బోధను పనివాడికి వినిపించే అర్హత రెండోదాన్ని పాటించేవాడికే ఉంటుంది.