మన పొలము క్రింది నీరు ఎవరిది?

ధ్యాన భాగము: ఆదికాండము 26:17–22



ఇస్సాకు పనివారు గెరారు లోయలో బావి త్రవ్వగా, అచ్చటి కాపరులు ఆ నీరు తమదని జగడమాడిరి. ఆ బావికి ఏశెకు అని పేరు. రెండవ బావికొరకును జగడమే, అది శిత్నా. అతడు అక్కడనుండి కదలిపోయి మూడవ బావి త్రవ్వించెను. దానివిషయమై కలహము లేకపోయెను గనుక దానికి రహెబోతు అని పేరు పెట్టెను.

ఇస్సాకునకు వెళ్లుటకు వేరొక చోటుండెను. మనకో? మన పొలమును చుట్టి సంకనబెట్టుకొని వేరొక లోయకు పోలేము గదా. కాబట్టి కలహము లేని బావి మన ఊరిలోనే మనకు దొరకవలసియున్నది.

“నా భూమి, నా బోరు; అడుగుటకు నీవెవరవు?” అని మనలో అనేకులము అనుచున్నాము. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ఆ హక్కును గుర్తించినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2002లో వచ్చిన వాల్టా చట్టము దానికి కొన్ని హద్దులు పెట్టినది. అయితే మనస్సాక్షి అడుగు ప్రశ్న వేరు.

లెక్క చూతము. ఎకరముపై 1 మిల్లీమీటరు వాన కురిసిన, అది సుమారు 4,000 లీటర్ల నీరు. అనంతపురము ప్రాంతమున ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడును. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావలెను. అనగా ఏడాదంతయు ఆ ఎకరముపై కురిసినదానికి రెండింతలకు పైగా! కురిసినదానిలోను ఇంకునది కొద్దిపాలే. పైరుకు పెట్టిన నీటిలో కొంత మరల భూమిలోనికి దిగును, నిజమే. అయినను తక్కినది ఎక్కడనుండి వచ్చెను? రాతి పగుళ్లలో పారు నీరు గట్టును ఎరుగదు. అది పొరుగువాని చేని క్రిందనుండి, పేటలోని చేతిపంపు క్రిందనుండి, రేపటి బిడ్డల వంతునుండి వచ్చినది. తాను త్రాగి, మిగిలినదానిని కాళ్లతో కలకచేయు మందను ప్రవక్త గద్దించెను (యెహెజ్కేలు 34:18).

పేద రైతును నిందించుట మా ఉద్దేశము కాదు. అప్పుచేసి రెండవ బోరు వేయువాడు చాలమారులు దురాశవలన కాదు, భయమువలన వేయుచున్నాడు. తాను తోడకున్న పొరుగువాడు తోడునను భయమది. ఆ భయము పోవలెనన్న ఊరంతయు కూడి నీటిని ఎరుగవలెను.

ఇట్టి పని మన మధ్యనే జరిగినది. 2000 తరువాతి సంవత్సరములలో అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కరవు గ్రామములలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలములను చూచుకొను పథకము నడిచెను. పెద్ద చదువులు లేని స్త్రీపురుషులు బావులలో నీటిమట్టమును కొలిచిరి, వానను కొలిచిరి. రబీకి ముందు కూడుకొని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేసిరి. ఈ పంట వేయరాదని వారిని ఎవరును ఆజ్ఞాపింపలేదు. లెక్క చూచి అనేకులు తామే వరి తగ్గించి, తక్కువ నీటి పంటలు వేసిరి.

గోపురము కట్టువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించునని ప్రభువు చెప్పెను (లూకా 14:28). విత్తువాడును అట్లే చేయవలదా? తెలియక తోడినది పొరపాటు. తెలిసియు తోడినదానికి ఏ పేరు పెట్టుదుము? మేలైనది ఎరిగియు చేయనివానిని గూర్చి యాకోబు వ్రాసినది మరల చదువుకొందము (4:17).

సహోదరులారా, ఆరంభము చిన్నదైనను చాలును. మందిరపు ఆవరణములో తిన్నని గోడలుగల డబ్బా నొకటి ఆరుబయట నుంచి, సండే స్కూలు పిల్లలచేత వానను కొలిపింతము. నెలకొకసారి సంఘపెద్దలు బావిలో ముడులు వేసిన త్రాడు దించి, నీటి లోతును గోడపై వ్రాయుదురు గాక. రబీకి ముందు మన సంఘమువారు మాత్రమే గాక, ఊరివారందరును ఆ గోడయొద్ద కూడి మాటలాడుకొందురు గాక. నీరు అందరిది గనుక ఆ లెక్కయు అందరిది.

ప్రభువా, మా పొరుగువాని దాహము మాకు కనబడునట్లు మా కన్నులు తెరువుము. మా ఊరి బావిని రహెబోతుగా చేయుము. ఆమెన్.