చివరి ముద్ద

బరువు తగ్గాలని పూనుకున్నవాళ్లను ఓడించేది ఆకలి అనుకుంటాం. ఆకలికి మనవాళ్లు అంత తేలిగ్గా లొంగరు. కార్తీక సోమవారం నక్షత్రం కనబడేదాకా ఏమీ ముట్టనివాళ్లు, శనివారం ఒంటిపూటతో సరిపెట్టుకునేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అదే మనిషి రాత్రి అన్నం మానేసి, రోజూ గంటసేపు నడిచి, మూడో వారంలో ఒక ఉదయం వెయింగ్ మిషన్ ఎక్కి దిగి ‘ఇంత చేసినా ఇంతేనా’ అనుకుంటాడు. ఆ సాయంత్రమే మిరపకాయ బజ్జీల బండి దగ్గర కనిపిస్తాడు. ఉపవాసానికి నక్షత్రం అనే గడువు ఉంది. ఈ ప్రయత్నానికి అలాంటి గడువేదీ లేదు. ఫలం ఎప్పుడొస్తుందో తెలియని చోట మనసు నిలబడటం కష్టం. అందుకే ఇది వైద్యుడికి ఎంత సంబంధించిన విషయమో, సాధకుడికీ అంతే సంబంధించినది.

శ్రావస్తి నుంచి కోసల దేశాన్ని ఏలిన ప్రసేనజిత్తు బుద్ధుడి సమకాలికుడు, ఆయన భక్తుడు, గొప్ప భోజనప్రియుడు కూడా. ద్రోణం కొలత బియ్యం వండించుకుని తినేవాడని పాలి భాషలోని సంయుక్త నికాయం చెబుతుంది. ఒకరోజు అలా భోంచేసి, రొప్పుతూ వచ్చి బుద్ధుడి దగ్గర కూర్చున్నాడు. బుద్ధుడు ఆ అవస్థ చూశాడు. మందలించలేదు, ఉపవాసం విధించలేదు. ఎరుకతో, మితం తెలిసి తినేవాడికి బాధలు పలచబడతాయనీ, ముసలితనం మెల్లగా వస్తుందనీ భావం వచ్చే నాలుగు పాదాలు చెప్పి ఊరుకున్నాడు.

రాజు తరువాత చేసిన పనిలో ఆయన తెలివి కనిపిస్తుంది. ఆ బోధ తనకు గుర్తుంటుందని ఆయన తన మీద తాను భరోసా పెట్టుకోలేదు. వెనక నిలబడి ఉన్న సుదర్శనుడనే యువకుణ్ణి పిలిచి, ఆ మాటలు నేర్చుకుని తాను భోజనానికి కూర్చున్నప్పుడల్లా వినిపించమన్నాడు. అందుకు రోజుకు వంద కహాపణాలు (ఆనాటి నాణేలు) ఇస్తానన్నాడు. సైన్యాలను నడిపినవాడు కంచం ముందు తన బలహీనతను నలుగురిలో ఒప్పుకుని, దానికి జీతమిచ్చి మరీ కాపలా పెట్టుకున్నాడు. మనమైతే డైటింగ్ మొదలుపెట్టిన సంగతి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పం, మధ్యలో మానేస్తే నవ్వుతారని!

ధమ్మపద వ్యాఖ్యానం ఈ కథకు ఇంకో వివరం చేర్చింది. రాజు చివరి ముద్ద ఎత్తబోతున్నప్పుడు సుదర్శనుడు ఆ మాటలు చెప్పాలి. రాజు ఆ ఒక్క ముద్దా వదిలేస్తాడు. తర్వాతి పూట వంటకు ఆ ముద్దకు సరిపడా బియ్యం తగ్గిస్తారు. అంతే. మొదటి రోజు ఆయన తిన్న దానికీ, అంతకు ముందు రోజు తిన్న దానికీ తేడా ఒక్క ముద్ద. కడుపుకు ఆ లోటు తెలియనే తెలియదు. అద్దంలోనూ ఏ మార్పూ కనిపించి ఉండదు. అలా తగ్గుతూ తగ్గుతూ చివరికి ద్రోణం కంటే ఎంతో చిన్న కొలతైన ఒక నాళిక బియ్యం అన్నంతో ఆయనకు తృప్తి కలిగింది. చాలాకాలానికి, సన్నబడిన ఒంటిని చేత్తో నిమురుకుంటూ, ఈ లోకంలోనూ పై లోకంలోనూ మేలు కలిగేలా భగవానుడు తనపై కరుణ చూపాడని సంతోషపడ్డాడు. మొదటి వారంలో ఆయన ఒళ్లు నిమురుకున్నట్టు ఏ గ్రంథమూ చెప్పలేదు.

ఈ మితం చెప్పినవాడు ఎవరు? ఉరువేల అడవుల్లో ఏళ్ల తరబడి కడుపు మాడ్చుకుని, ఎముకలు లెక్కపెట్టగలిగే స్థితికి వచ్చి, అది దారి కాదని గ్రహించి, సుజాత ఇచ్చిన పాయసం స్వీకరించినవాడు. అందుకే కాబోలు, రాజుకు కఠిన వ్రతమేదీ చెప్పలేదు.

కఠిన వ్రతం మీద మనకు మోజు ఎక్కువ. ఏడాదిలో ఇన్ని ఏకాదశులు ఉండలేనని భీముడు మొరపెట్టుకుంటే, జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి ఒక్కటీ నీళ్లు కూడా ముట్టకుండా ఉండమని వ్యాసుడు చెప్పాడట. దాన్నే నిర్జల ఏకాదశి అంటారు. పుణ్యం విషయంలో ఆ సర్దుబాటు చెల్లింది. ఒంటి విషయంలో చెల్లదు. ఒక్కరోజు నిర్జలంగా ఉండి, మిగతా రోజులు భీముడిలా తిందామన్నదే మన ఆరంభశూరత్వానికి మూలం.

శరీరం పద్ధతి కొంత తెలుసుకుంటే మనసుకు తొట్రుపాటు తగ్గుతుంది. మనం తిన్న పిండిపదార్థంలో కొంత కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉంటుంది. ఆ నిల్వ గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం తగ్గించిన తొలి రోజుల్లో ముందు కరిగేది ఇదే. అందుకే మొదటి వారం బరువు గబగబా దిగుతుంది, మనిషి పొంగిపోతాడు. ఆ నీళ్ల లెక్క అయిపోయాక కొవ్వు వంతు మొదలవుతుంది. దానికి తొందర లేదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి. రోజుకు 500 కేలరీలు తగ్గించి తిన్నా ఆ కిలో కరగడానికి లెక్క ప్రకారం పదిహేను రోజులు పడుతుంది. ఈలోపు ఒక రాత్రి ఆవకాయ అన్నం తిన్నా, కొత్తగా వ్యాయామం మొదలుపెట్టి కండరాలు నొప్పి పట్టినా ఒంట్లో నీరు నిలిచి, మర్నాడు ముల్లు పైకి జరుగుతుంది. ఆడవాళ్లకు నెలలో కొన్ని రోజులు ఎలాగూ ఈ తేడా ఉంటుంది. అంటే రోజూ ఉదయం మనం చూసి సంతోషపడేదీ ఏడ్చేదీ చాలావరకు నీళ్ల రాకపోకలను. (నెలలు గడిచినా కదలకపోతే మాత్రం థైరాయిడ్ వంటివి ఉన్నాయేమో డాక్టరుకు చూపించుకోవాలి. మధుమేహానికి మందులు వాడేవాళ్లు అడగకుండా భోజనం మానకూడదు.)

భగవద్గీత ఆరో అధ్యాయం అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని చెప్పిన సంగతి అందరూ ఉదహరిస్తారు. అదే అధ్యాయంలో ఇరవై మూడో శ్లోకం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. అక్కడ కృష్ణుడు ఆ యోగాన్ని దిగులు పడని మనసుతో, నిశ్చయంగా సాధన చేయాలంటాడు. అంటే నిరాశ వస్తుందని ఆయనకు ముందే తెలుసు. దానిని సాధకుడి పాపమనలేదు. దారిలో ఎదురయ్యే సంగతిగానే ఎంచాడు. గౌడపాదాచార్యులు మాండూక్య కారికల్లో దీన్నే ఇంకా గట్టిగా చెప్పారు: దర్భ కొనతో ఒక్కో బొట్టూ తీస్తూ సముద్రాన్ని తోడెయ్యాలనుకునేవాడికి ఎంత విసుగులేనితనం కావాలో, మనసును నిగ్రహించడానికి అంత కావాలట. సముద్రంలో ఎంత తగ్గిందో బొట్టుబొట్టుకూ కొలిచి చూసుకునేవాడు ఆ పని చేయలేడు. మన మిషన్‌ను రోజూ కాక వారానికి ఒకసారి ఎక్కితే మంచిదని నేననుకోవడం ఇందుకే. కొందరికి రోజూ చూసుకుంటేనే అదుపు ఉంటుంది. అంకె చూసి మనసు చెదరనివాళ్లు అలాగే చూసుకోవచ్చు.

ఇంకొకటి. నిరాశ ముదిరితే అది ద్వేషంగా మారుతుంది. అన్నాన్ని విషమనడం, అద్దంలో తనను తాను తిట్టుకోవడం మొదలవుతుంది. తైత్తిరీయోపనిషత్తు అన్నాన్ని నిందించకపోవడాన్ని ఒక వ్రతంగా విధించింది. తక్కువ తినడానికి అన్నం మీద పగ అక్కర్లేదు. ప్రసేనజిత్తు వదిలిన ముద్దను తిట్టి వదల్లేదు.

ఇక పెళ్లిళ్లు, పండగలు. నెలరోజులు నిగ్రహంగా ఉన్నవాడు మేనకోడలి పెళ్లిలో బూరెలు, పులిహోర, గుత్తివంకాయ లాగించి, ‘అంతా బూడిదలో పోసిన పన్నీరైంది’ అని చేతులెత్తేస్తాడు. సాధన మధ్యలో జారినవాడు చెదిరిన మబ్బులా రెంటికీ చెడతాడా అని అర్జునుడు అడిగింది కూడా ఈ ఆరో అధ్యాయంలోనే. మంచిపనికి పూనుకున్నవాడికి దుర్గతి లేదని, వెనకటి అభ్యాసమే అతణ్ణి మళ్లీ ముందుకు నడిపిస్తుందని కృష్ణుడి జవాబు. జన్మజన్మల లెక్కకే ఆ భరోసా ఉన్నప్పుడు, ఆదివారం విందుకు సోమవారం ఎందుకు భయపడాలి? ప్రాయశ్చిత్తమని రెండు రోజులు పస్తుండటం కూడా అనవసరం. సోమవారం మామూలు కొలతే పెట్టుకుంటే చాలు.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు మన ఇళ్లలో సుదర్శనులు దొరకడమే కష్టం. ఇక్కడ వడ్డించేవాళ్లంతా అందుకు పూర్తిగా విరుద్ధం. “మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో! ఇంకొక్క ముద్ద, నామీద ఒట్టు” అంటూ నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడతారు. వాళ్ల ప్రేమలో లోపం లేదు. పిల్లలు కడుపునిండా తింటున్నారో లేదో చూసుకోవాల్సిన కాలంలో పెరిగిన చేతులవి. అమ్మకో అత్తగారికో కూర్చోబెట్టి చెప్పాలి, కొసరి వడ్డించే ఆ చెయ్యి ఒక్క గరిటె ముందే ఆగాలని. ఆమె ఒప్పుకుంటే రాజుగారికి రోజుకు వంద కహాపణాలు ఖర్చయిన కొలువు మనకు ఉచితంగా దొరికినట్టే.