వద్దనలేని వాళ్ళు

మనవడా,

పాపకు నీళ్ళు పోసే మనిషి దొరకలేదని బెంగపడుతున్నావట. వెతుకులాట ఎందుకురా? తండ్రివి నువ్వు లేవూ!

ఆస్పత్రిలో మొదటిరోజు స్నానం చేయించలేదని మీ అత్తగారు నొచ్చుకున్నారని తెలిసింది. ఆస్పత్రి వాళ్ళు చేసింది సబబే. 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. బిడ్డ ఒంటిమీది తెల్లటి పూత మురికి కాదు, చర్మానికి కాపు. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో ఒళ్ళు తుడిస్తే చాలు. బొడ్డుకు పసుపూ నూనే ఏదీ రాయకుండా పొడిగా ఉంచు. ఆ తర్వాత కూడా వారానికి రెండు మూడుసార్లు పోస్తే సరిపోతుంది.

పోసేనాడు ఫ్యాను ఆపి, తువ్వాలు, చొక్కా ముందే దగ్గర పెట్టుకో. టబ్బులో ముందు చన్నీళ్ళు, తర్వాతే వేన్నీళ్ళు. నీళ్ళు మన ఒంటి వేడికి, అంటే 37 డిగ్రీలకు దగ్గరగా ఉండాలి. మోచేతితో చూసుకో, అరచెయ్యి వేడికి అలవాటుపడి ఉంటుంది. మెడ కింద నీ చెయ్యి ఉండాలి. ఫోను మోగినా పాపను వదిలి కదలకు. బెత్తెడు నీళ్ళు చాలు ప్రాణం మీదికి రావడానికి. అయిదు నిమిషాల్లో ముగించి, మెడ మడతలు, చంకలు, గజ్జలు మెత్తగా అద్దు.

ఇక అసలు మాట. రేపు పెద్దవాళ్ళమంతా దిగుతాం. ముక్కు నిలబడాలని నొక్కమంటాం, తల గుండ్రంగా రావాలని ఒత్తమంటాం. ముక్కులో నూనె చుక్కలు, పాప రొమ్ములు పిండడం, సాంబ్రాణి పొగ, అన్నీ గుర్తొస్తాయి మాకు. కానీ నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా రావచ్చు. రొమ్ముల వాపు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, దానంతటదే పోతుంది. పిండితే చీము పట్టవచ్చు. పొగ పసి ఊపిరికి పడదు. ఇవన్నీ ప్రేమతోనే చేస్తాం. ప్రేమతో చేశామని చెడ్డపని మంచిదైపోదు. వద్దనలేని వాళ్ళ మీద చెయ్యి వేసేటప్పుడు, ఆ వద్దన్న మాట వాళ్ళ తరఫున మనమే అనాలి. పాప ఏడిస్తే "స్నానమంటే అంతేలే" అని సాగించకు. నీళ్ళు చల్లారాయేమో, నీ పట్టు గట్టిదేమో చూసుకో.

నాకైనా సరే చెప్పు. "డాక్టరు తిడతాడు నాయనమ్మా" అని ఆయన చాటుకు పోకు. "నా బిడ్డకు వద్దు" అను. అని ఊరుకోక, నన్ను పీటమీద కూర్చోబెట్టి, చాపిన నా కాళ్ళమీద పాపను పడుకోబెట్టు. మీ నాన్నను మోసిన కాళ్ళే ఇవి. నీళ్ళు మాత్రం నువ్వే పొయ్యాలి. మాట కాదన్నావని నాకు కోపం రాదు, నన్ను పక్కన పెడితే వస్తుంది.

ఏడాది తిరిగేసరికి దానికీ మాటలొస్తాయి. అప్పుడది వద్దంటే వినగల తండ్రివి కావాలంటే, మాటలు రాని ఈ రోజుల్లోనే అలవాటు చేసుకో.

ఇట్లు,
మీ నాయనమ్మ